ఎర్రముక్క కోసం బోధన్ దాకా

బోర్డు మీద మూడో మాట రాసి వెనక్కి తిరిగాను. మూడో వరుసలో, గోడ పక్క చాప మీద, మా సుగుణ ఉన్ని టోపీ ఉంది. టోపీ దగ్గర సుగుణ లేదు.

ఆ టోపీ అంటే దానికి మొదటి నుంచీ చిరాకే. తీసి పారేసి ఉంటే నాకేమీ అనిపించేది కాదు. కానీ టోపీ పారేసినట్టు లేదు. తను కూర్చున్న చోటుకి సరిగ్గా మధ్యలో, బోర్లించి, సర్ది పెట్టి ఉంది. రైల్లో కిటికీ పక్క చోటు పోకుండా మేము అలాగే పెట్టాం. అంటే పిల్ల తెలిసే లేచింది, తిరిగి వస్తానని లేచింది. తలుపు వైపు చూశాను. పొద్దుటి నుంచి మా బడి ముందు కదలకుండా నిలిచి ఉన్న చెరుకుబండ్లు ఇప్పుడు కదులుతున్నాయి.

అక్కడ ఆపి మొదటి నుంచి చెప్తాను. పిల్ల క్షేమంగా ఉంది. ఇది రాస్తుంటే నా పక్కనే నిద్రపోతోంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే నాబోటి తల్లులు ఈ యాత్రలో మిగతాదేదీ చదవలేరు.

నిజామాబాదు స్టేషను

మాది బెజవాడ. శారదది నిజామాబాదు. మద్రాసు కాలేజీలో ఇద్దరం మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. మొదటి నెల ఒకరి తెలుగు ఒకరికి సగమే తెలిసేది. నేను "ఎక్కడికి వెళ్తున్నావు" అంటే, తను "ఏడికి వోతున్నవ్" అనేది. సరదాకి ఒక నోటుబుక్కు పెట్టి, నా మాట ఒకవైపు, తన మాట ఒకవైపు రాసుకునేవాళ్ళం. పెళ్ళికి ముందు రెండేళ్ళు నేను చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పినప్పుడు ఆ నోటుబుక్కే నాకు దారి చూపింది. తెలుగు వాక్యం పక్కన ఇంగ్లీషు వాక్యం పెట్టి, ఏ మాట ఎక్కడ కూర్చుందో పిల్లల చేతే కనిపెట్టించేదాన్ని.

శారద ఇప్పుడు బోధన్‌లో ఉంది. అక్కడ కొత్తగా పెట్టిన చక్కెర ఫ్యాక్టరీలో వాళ్ళాయనకి ఉద్యోగం. ఫ్యాక్టరీకి పోయే బాట పక్కన, రేకుల షెడ్డులో తను చిన్న బడి నడుపుతోంది. "నా పిల్లలకు ఇంట్ల తెలుగు, అంగట్ల మరాఠీ, బుక్కుల ఉర్దూ, పై తరగతికి పోతె ఇంగ్లీషు. నాలుగు కలిపి ముద్ద జేస్తున్నరు. మా పంతుళ్ళు బెత్తంతోని ఆ ముద్దను ఇడదీస్తున్నరు. నువ్వొచ్చి నీ ఆట సూపియ్యి," అని ఉత్తరం రాసింది. మావారు ఉత్తరం చదివి, చలికాలంలో ఇద్దరు పిల్లలతో అంత దూరమా అన్నారు. నాకూ అదే భయం. కానీ ఆ మాట ఆయన అన్నారు కాబట్టి నేను వెళ్తానన్నాను.

సామాను సర్దినప్పుడే నా సంగతి బయటపడింది. కాచిన నీళ్ళు మూడు మరచెంబులు, క్వినైన్ మాత్రలు, రెండు ఉన్ని టోపీలు, వాము, సొంఠి, పసివాళ్ళ నూనె. ఆరేళ్ళ సుగుణకి ఒక టోపీ, మూడేళ్ళ రమకి ఒకటి. సికిందరాబాదు దాకా మా తమ్ముడు తోడొచ్చాడు. అక్కడికి శారద వచ్చింది.

నిజామాబాదు స్టేషనులో దిగగానే ముక్కుకి తగిలింది పసుపు వాసన. మా ఇళ్ళలో గడప దగ్గర చిటికెడు కనిపించే పసుపు అక్కడ బస్తాలకొద్దీ ప్లాట్‌ఫారం మీద ఉంది. కూలీల కాళ్ళు, చేతులు, కనురెప్పలు కూడా పచ్చగా ఉన్నాయి. రమ ఒక కూలీని చూసి, "అమ్మా, ఈయనకి పెళ్ళా?" అంది. అతను పగలబడి నవ్వి, "అయింది బిడ్డా, ఎన్నడో అయింది," అన్నాడు.

జామకాయలు కొందామంటే నా డబ్బు ఇక్కడి డబ్బు కాదు. ఇక్కడ హాలీ సిక్కా. మన రూపాయిని కల్దారు అంటారు, దాని విలువ కాస్త ఎక్కువ. నేను మన అణా ఇస్తే, కాయలమ్మే అవ్వ అటూ ఇటూ తిప్పి చూసి, గంపలోంచి ఇంకో రెండు కాయలు తీసి నా కొంగులో వేసింది. నేను అడగలేదు. బెజవాడలో అయితే నేను గొడవపడి తెచ్చుకోవాల్సిన రెండు కాయలు అవి.

కంఠేశ్వర్‌లో రొట్టె

ఆ పూట ఊళ్ళోనే కంఠేశ్వర్ గుడి దగ్గర శారద మేనత్త లక్ష్మవ్వ ఇంట్లో ఆగాం. అవ్వ కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేత్తో కొడుతుంటే చప్పుడు తాళంలా ఉంది. మా పిల్లలకి అది కొత్త. రాత్రికి తప్ప రొట్టె మొహం చూడని ఇల్లు మాది, అదీ ఒంట్లో బాగాలేనివాళ్ళకి. ఇక్కడ రొట్టె లేకపోతే అన్నం తిన్నట్టే కాదు. పక్కన ఎల్లిపాయ కారం, చల్లటి పచ్చిపులుసు.

పచ్చిపులుసు కాచని చింతపండు నీళ్ళు. నేను పిల్లల గిన్నెలు మెల్లగా పక్కకి జరిపాను. లక్ష్మవ్వ చూసింది.

"ఎందుకు జరిపినవ్ బిడ్డా?"

"పిల్లలకి జలుబు చేస్తుందేమో అని, అవ్వా."

"మీ ఆంధ్రోళ్ళ జలుబులు మా పులుసుకు భయపడయా?" అని గిన్నె మళ్ళీ సుగుణ ముందుకి తోసింది. "తాగు బిడ్డా. మీ అవ్వకు నేను జెప్త."

మీ అవ్వ అంటే ఎవరా అని సుగుణ నా వైపు చూసింది. అక్కడ అమ్మని అవ్వ అంటారని శారద చెప్పింది. అప్పటి నుంచి సుగుణ నన్ను "అవ్వా" అని పిలిచి నవ్వడం మొదలుపెట్టింది. పులుసు రెండు గిన్నెలు తాగింది. జలుబు రాలేదు. రాత్రి నాలుగుసార్లు లేచి నుదురు ముట్టి చూసినది నేను మాత్రమే.

బోధన్ దారి

పొద్దున్నే బస్సు. కాలువ నీళ్ళు పారే పొలాలు రెండు పక్కలా. వరి కోసిన మళ్ళు, పసుపు మళ్ళు, ఆ తరువాత చెరుకు తప్ప మరేమీ లేదు. బస్సులో నా పక్కన రెంజల్ నుంచి వచ్చిన రైతు భార్య కూర్చుంది. నా మరచెంబులు లెక్కపెట్టి, "ఎంత దూరం వోతున్నవక్కా, కాశికా?" అంది. బోధన్‌కి అంటే నమ్మలేదు.

బోధన్ దగ్గరవుతుంటే గాలి మారింది. వేడి బెల్లం వాసనా, పుల్లటి మడ్డి వాసనా కలిసి, ఫ్యాక్టరీ గొట్టం కనిపించక ముందే ఫ్యాక్టరీ వచ్చిందని తెలుస్తుంది. తరువాత బండ్ల వరుస కనిపించింది. ఒకదాని వెనక ఒకటి, చెరుకు నిండిన ఎడ్లబండ్లు, గేటు నుంచి మైలున్నర పైన. బస్సు ఆ వరుస పక్కనే చాలాసేపు నడిచింది. కొందరు బండి కిందే వంట చేసుకుంటున్నారు. కొందరు గొంగడి కప్పుకుని చెరుకు మీదే పడుకున్నారు. ప్రతి బండి మీదా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎక్కి చెరుకు నములుతున్నారు.

"ఇంతమంది పిల్లల్ని వెంట తెచ్చుకుంటారా?" అని అడిగాను.

శారద నవ్వింది. "వాళ్ళ పిల్లలు కాదు కమలా. ఏ పోరడు దొరికిన బండెక్కుతడు. చెరుకు బండి మీద పిల్ల గూసుంటే ఎవ్వరు అడగరు. ఎనక బండోని పిల్ల అనుకుంటరు."

ఆ మాట నేను మామూలుగా విని వదిలేశాను.

రేకుల షెడ్డులో ఆట

బడిలో నలభై మంది దాకా పిల్లలు. తెలుగు చెప్పే నర్సయ్య పంతులు ఊరికి పోయారు. ఉర్దూ చెప్పే మౌల్వీ సాబు ఉన్నారు. తెల్లగడ్డం, సన్నటి గొంతు, సైకిలు. నేను బెజవాడ నుంచి రంగు అట్టముక్కలు తెచ్చాను. అవి చూసి పిల్లలు మర్యాదగా ఊరుకున్నారు. అది నాకు నచ్చలేదు. చిన్నపిల్లలు మర్యాదగా ఉన్నారంటే పాఠం తలకెక్కడం లేదని అర్థం.

శారద గుమ్మంలోకి వెళ్ళి, బండి మీంచి ఒక చెరుకు గడ లాక్కొచ్చి మూడు ముక్కలు చేసింది. ఒకదానికి పసుపు దారం, ఒకదానికి తెల్లదారం, ఒకదానికి ఎర్రదారం కట్టాం. పసుపు ముక్క ఎవరో చెప్పే మాట. తెల్లముక్క దేన్నో చెప్పే మాట. ఎర్రముక్క ఏం చేస్తున్నారో చెప్పే మాట. ముగ్గురు పిల్లలు ముక్కలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు.

"లక్ష్మి - చెరుకు - తింటది."

ఎర్రముక్క చివర. అదే మాట మౌల్వీ సాబు ఉర్దూలో అన్నారు: "లక్ష్మీ - గన్నా - ఖాతీ హై." ఎర్రముక్క చివరే. పర్భణీ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల మరాఠీలో చెప్పింది: "లక్ష్మీ - ఊస్ - ఖాతే." ఎవరూ కదలక్కర్లేదు. ఇప్పుడు ఇంగ్లీషు. "లక్ష్మి ఈట్స్ షుగర్‌కేన్." ఎర్రముక్క పట్టుకున్న పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి మధ్యలో దూరింది.

ఆ పిల్ల పేరు గంగ. ఎనిమిదేళ్ళు, నోట్లో రెండు పళ్ళు లేవు, మాటలకేమీ లోటు లేదు. "పంతులమ్మా, ఇంగ్లీషోళ్ళకు ఓపిక లేదా? అన్నీ ముందట వెట్టినంక తినాలె గద. మధ్యలనే తినవట్టిరి!"

షెడ్డంతా నవ్వు. ఆ తరువాత పిల్లలు నన్ను పట్టించుకోలేదు, ఆట పట్టుకున్నారు. ఉర్దూలో బండి ఆడదని మౌల్వీ సాబు చెప్తే, "ఎడ్లు మొగయి గుంజుతయి, బండి ఆడదెట్లయితది?" అని ఒకడు లేచాడు. తెలుగులో "అక్క వచ్చింది, బండి వచ్చింది" రెండూ ఒకలాగే ఉన్నాయని నేను చూపిస్తే గంగకి కోపం వచ్చింది. "నేను, బండి ఒక్కటేనా? అన్నకేమో వచ్చిండు!" మౌల్వీ సాబు గడ్డం సవరించుకుంటూ, "అమ్మాజీ, ముప్ఫై ఏళ్ళ నుంచి చెప్తున్న. ఒక్కసారి కూడా ఈ సవాలు ఎవ్వరూ అడగలే," అన్నారు. కళ్ళు మెరుస్తున్నాయి ఆయనకి.

ఆ సాయంత్రం పిల్లలు ఎర్ర, పసుపు, తెల్లదారాలు అడిగి మణికట్టుకి కట్టించుకుని ఇళ్ళకి పోయారు. బండ్ల మధ్యన నిలబడి ఆ ఆటే ఆడుతున్నారని శారద చూపించింది. సుగుణ కూడా ఎర్రదారం కట్టించుకుంది. అది ఇప్పటికీ దాని చేతికే ఉంది, ఊడదీయనివ్వదు.

మర్నాడు మళ్ళీ అదే ఆట. ఇంగ్లీషు వాక్యం రాగానే గంగ ఎర్రముక్కతో మధ్యలోకి దూరి, ఆ ముక్కని అందరూ చూస్తుండగా కరకర నమిలేసింది. "ఇంగ్లీషుల మధ్యలనే తినాలె గద, పంతులమ్మా!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే బోర్డు వైపు తిరిగి, సుద్ద పట్టుకుని, భుజం మీంచి అన్నాను: "సరే, ఇంకో ఎర్రముక్క ఎవరు తెస్తారు?"

మూడు మాటలు రాశాను. వెనక్కి తిరిగాను. టోపీ ఉంది.

బండ్ల వరుస

నేను రమని శారద ఒళ్ళో పడేసి బయటికి పరుగెత్తాను. మౌల్వీ సాబు సైకిలు తీసి ఊరి వైపు వెళ్ళారు. గంగ, ఎవరూ చెప్పకుండానే, నా వెంట వచ్చింది.

వరుస కదిలితే పది బండ్లు ఒకేసారి కదులుతాయి, మళ్ళీ ఆగుతాయి. నేను చూసేసరికి మా గుమ్మం ముందు ఉండవలసిన బండ్లు చాలా ముందుకి పోయాయి. ఎడ్ల మెడల గంటలు, ఇరుసుల కీచుమోత, దుమ్ము. ప్రతి బండి మీదా పిల్లలే. ప్రతి పిల్లా సుగుణ లాగే ఉంది, దగ్గరికి పోతే కాదు.

"అన్నా, నీలం గౌను పిల్ల, ఆరేళ్ళు, చూశారా?"

"గౌనా? గౌనంటే?"

గంగ అందుకుంది. "లాగు లెక్క గాదు, లంగ లెక్క గాదు, రెండు గలిపినట్టుంటది. బెజవాడ పిల్ల."

"ఓ, గా పిల్లనా! నా బండి మీద గూసున్నది. ఎనక బండోని బిడ్డ అనుకున్న. ముందటి బండి మీదికి దుంకింది."

ముందు బండివాణ్ణి అడిగాం. అతనూ అంతే. ముందుకి పోయింది. ఆ ముందువాడు గొంగడిలో నిద్రపోతున్నాడు, లేపితే కోపగించాడు. తరువాతివాడు మరాఠీలో ఏదో చెప్పి చేయి ముందుకి చూపించాడు. "ఎర్రచెరుకు ఉన్నదా అని అడిగిందట," అంది గంగ.

ఎర్రచెరుకు! మా ఇంటి దగ్గర సంతలో అమ్మేది ఎర్రచెరుకే. ఈ బండ్లలో ఉన్నదంతా తెల్లచెరుకు. నేను ఎర్రముక్క అన్నాను. పిల్ల ఎర్రచెరుకు వెతుకుతూ ఒక బండి మీంచి ఇంకో బండి మీదికి గేటు వైపు పోతోంది. గేటు లోపల ఏముందో ముందురోజు సాయంత్రమే శారద వాళ్ళాయన మాకు చూపించారు. బండ్లు ఖాళీ చేసే చోటు, గడలన్నీ పడే పెద్ద గొయ్యి, వాటిని లోపలికి లాక్కుపోయే గొలుసులు. ఆ గొలుసుల చప్పుడు నాకు అప్పుడే వినిపించడం మొదలైంది. నిజంగా వినిపించిందో లేదో తెలియదు.

నా చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. ఏ బండి దగ్గర పోయిందో తరువాత గంగే వెతికి తెచ్చింది.

గేటు దగ్గర

గేటు దగ్గర బిళ్ళలు ఇచ్చే మనిషి ఉంటాడు. బండి వచ్చిన వరుస ప్రకారం నంబరు వేసిన రేకు బిళ్ళ ఇస్తాడు. ఒకసారి వరుస తప్పితే బండివాడు మళ్ళీ మైలున్నర వెనక్కి పోయి చివర నిలబడాలి. రెండు రోజులు నిలబడ్డవాళ్ళున్నారు. అందుకే వరుసలో ఏ బండివాడూ తన బండి వదలడు.

"నీలం గౌను పిల్ల," అన్నాను. ఊపిరి ఆడటం లేదు.

"ఆ, వచ్చింది. చేతికి ఎర్రదారం. నా కొడుకు గూడ నిన్న గట్లనే కట్టుకొచ్చిండు, సమజయింది. బడి పిల్ల అని వాపస్ పంపిన."

"ఎవరితో పంపారు?"

"ఎవరితోనేంది? వరుసతోని."

నాకర్థం కాలేదు. అతను నన్ను తేరిపార చూసి, ఊరికి కొత్త అని గ్రహించి, ఓపికగా చెప్పాడు. "అమ్మా, ఏ బండోడు తన బండి ఇడ్సి ఎనకకు రాడు. గందుకని ఏదన్న ఎనకకు పోవాలంటే చేతులు మారుస్తరు. ముంత నీళ్ళో, అగ్గిపెట్టెనో, ఎవరన్న మరిచిపోయిన చెప్పో. ఈ బండోడు ఎనక బండోనికి ఇస్తడు, గాడు ఇంకొకనికి. ముసలమ్మను గూడ పంపినం ఒకపారి. పిల్ల గట్లనే పోయింది."

"నా పిల్లని... నీళ్ళ ముంతలా?"

"ముంతను ఒక్కోపారి ఒలకబోస్తరు. పిల్లను ఒలకబొయ్యరమ్మా. జర్ర దమ్ము తీస్కో."

నేను అతనికి దండం కూడా పెట్టకుండా తిరిగి పరుగెత్తాను. నేను వచ్చింది బాటకి ఎడమ పక్కన కదా. పిల్ల వెనక్కి పోయింది కుడి పక్కన. నేను ముందుకి, అది వెనక్కి, మధ్యలో చెరుకు గోడ. ఎక్కడో ఒకచోట మేమిద్దరం ఒకే బండికి ఇటూ అటూ ఉండే ఉంటాం.

వెనక్కి

ఈసారి కుడి పక్కన వచ్చాం. నేను అడగక్కర్లేకపోయింది. నన్ను చూడగానే వాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు.

"నీ బిడ్డేనా? ఇచ్చిన, ఇచ్చిన, ఎనక బండికి ఇచ్చిన."

"ఏడుస్తోందా?"

"ఏడుస్తదా! నా చెరుకు చప్పగున్నదన్నది!"

ఆ తరువాతివాడు తలకి చుట్టుకున్న ఎర్ర రుమాలుకి ఒక పక్క చిరుగు ఉంది. మరాఠీవాడు. చిరుగు చూపిస్తూ నవ్వి గంగతో ఏదో అన్నాడు. "ఎర్రచెరుకు లేదని మొగం చిన్నది చేసుకుంటే, రుమాలు పేలిక చింపి గడకు చుట్టి ఇచ్చిండట," అంది గంగ. అతను నాతో, "మాఝీ పణ్ ఆహే," అని చేయి తన మోకాలెత్తున పెట్టి చూపించాడు. నాకూ ఒకతె ఉంది, ఇంత ఎత్తు. అది గంగ చెప్పకుండానే తెలిసింది.

అక్కడి నుంచి నా కాళ్ళు పరుగెత్తడం మానేశాయి. ఆగకుండా నడిచాను, అంతే. అన్ని బండ్లవాళ్ళూ ఒకరి తరువాత ఒకరు చేయెత్తి వెనక్కి చూపిస్తున్నారు. ఎవరూ ఆత్రపడటం లేదు. పిల్ల తన వంతు ప్రకారం సరిగ్గా పోతోందన్నట్టు.

షెడ్డులోకి అడుగుపెట్టాను. మూడో వరుసలో, గోడ పక్క చాప మీద, టోపీ పక్కకి జరిపి, సుగుణ కూర్చుని ఉంది. ఒళ్ళో ఎర్ర పేలిక చుట్టిన చెరుకు గడ, దానికంటే పొడుగు. బుగ్గలు, గౌను, జుట్టు అంతా జిగురు. శారద దాని పక్కన కూలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

సుగుణ నన్ను చూసి కోపంగా అంది: "ఏడికి వోయినవ్ అవ్వా? ఎర్రముక్క తెచ్చి ఎంతసేపైంది!"

దాన్ని పట్టుకుని నేను ఏడ్చానో నవ్వానో శారద ఒకలాగ, గంగ ఇంకోలాగ చెప్తారు. వరుస ఆగి ఉంది కాబట్టి పక్క బండ్లవాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. అందులో చివరివాడు, దాన్ని బడిలో దించినవాడు, నా దండం తీసుకోకుండా తన బండి వైపు పరుగెత్తాడు. వరుస మళ్ళీ కదిలింది.

మౌల్వీ సాబు చెమటతో తిరిగొచ్చి, పిల్లని చూసి, సైకిలు అక్కడే పడేశారు. కాస్త తేరుకున్నాక ఆయనే అడిగారు: "బేటీ, వాళ్ళు నిన్ను ఇచ్చేటప్పుడు ఏమన్నరు?"

సుగుణకి అన్నీ గుర్తున్నాయి. వేళ్ళ మీద చెప్పింది. "పోరిని బడికాడ ఇడ్సిపెట్టు. బచ్చీకో మదర్సే మే ఛోడ్ దో. పోరగీ శాళేత్ సోడ్." ఆగి, గడకి చుట్టిన ఎర్ర పేలిక నిమిరి, "అందరూ ఎర్రముక్క చివరే అన్నారు," అంది.

గంగ వెంటనే, "ఇంగ్లీషోడు ఒక్కడుంటె, మధ్యలనే ఇడ్సిపెట్టేటోడు!" అంది.

ఆ నవ్వుకి గుమ్మం ముందున్న ఎడ్లు తలలు తిప్పాయి.

ఆ పూట పాఠం పూర్తి చేశాను. బోర్డు మీద అక్షరాలు వంకర పోయాయి. సాయంత్రం శారద నాకు వేడివేడి చాయ్ ఇచ్చింది. నేను చాయ్ తాగను. ఆ రోజు రెండు గ్లాసులు తాగాను.

మర్నాడు పొద్దున

పడుకునే ముందు నేను ఒక మాట సిద్ధం చేసుకున్నాను. చెప్పకుండా ఎక్కడికీ పోవద్దని, తెలియనివాళ్ళ బండి ఎక్కవద్దని, వాళ్ళిచ్చింది తినవద్దని. బెజవాడలో నేను రోజూ చెప్పేదే, ఇంకొంచెం గట్టిగా.

పొద్దున పిల్లలిద్దరికీ తలలు దువ్వుతూ మొదలుపెట్టబోయాను. కిటికీలోంచి బండ్ల వరుస కనిపిస్తోంది. ఎర్ర రుమాలు ఎక్కడా లేదు, అతని వంతు రాత్రే వచ్చి ఉంటుంది. తెలియనివాళ్ళ గురించి నేను సిద్ధం చేసుకున్న మాట ఆ వరుసని చూస్తూ అనడానికి నోరు రాలేదు. పైగా తప్పు చేసింది ఎవరు? ఎవరు తెస్తారని బోర్డు వైపు తిరిగి అడిగింది నేను. తెచ్చింది అది.

రెండు టోపీలూ తీసి పెట్టె అడుగున పెట్టాను. సుగుణ ఆశ్చర్యంగా చూసింది. అప్పుడు ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని చెప్పాను:

"ఇకమీదట నేను ఏదైనా తెమ్మంటే, లేచే ముందు 'ఎక్కడి నుంచి అమ్మా?' అని నన్ను అడగండి. నేను మీ వైపు తిరిగి చెప్పేదాకా కదలకండి. నేను తిరగకపోతే కొంగు పట్టుకుని లాగండి, కోప్పడను. అయినా ఎప్పుడైనా తప్పిపోతే, నన్ను వెతుక్కుంటూ పరుగెత్తకండి. ఎవరి దగ్గర ఉన్నారో అక్కడే కూర్చుని, ఎక్కడికి చేరాలో గట్టిగా చెప్పండి. ఆయన మిమ్మల్ని వెనక ఆయనకి ఇస్తాడు. నేను వచ్చేస్తుంటాను."